బోర్డు మీద సిలువ ఉంటే చాలదు

క్రిస్మస్ నెల వచ్చిందంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంఘాల నుంచి స్త్రీల సమాజాలు, యౌవనస్థులు వృద్ధాశ్రమాల దారి పడతారు. దుప్పట్లు, చీరలు, పండ్లు, కేకు తీసుకెళ్తారు. రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి, అవ్వాతాతలతో ఫొటో దిగి వస్తారు. మంచి పనే. ఏడాదంతా ఎవరూ తొంగిచూడని చోటికి ఒక్కరోజైనా నలుగురు మనుషులు వెళ్లడం మేలే. అయితే ఆ రోజు మనకు కనిపించేది మన రాక కోసం సిద్ధం చేసిన ఆశ్రమం. ఊడ్చిన వరండా, ఉతికిన చీరలు, వరుసగా వేసిన కుర్చీలు. జనవరి చలిలో రాత్రి రెండు గంటలకు ఒక అవ్వకు మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తే ఎవరు లేస్తారు? మంచం పట్టిన తాతను పక్కకు తిప్పి పడుకోబెట్టేది ఎవరు? అవ్వ పింఛను డబ్బు ఎవరి చేతికి వెళుతోంది? కేకు కోసే రోజున ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు.

ఈ వారం మేము సంఘాల ముందు పెట్టే మాట ఒక్కటే. మన పెద్దవాళ్లు ఉండే ఆశ్రమాలకు మనం కానుకలు ఇస్తున్నాం, మనవాళ్లను చేర్పిస్తున్నాం. నడిపేది మనకు తెలిసిన దైవసేవకుడని, బోర్డు మీద సిలువ ఉందని నమ్ముతున్నాం. కానీ అక్కడి సంరక్షణ ఎలా ఉందో క్రమం తప్పకుండా వెళ్లి చూసి, అడిగి, రాసిపెట్టుకునే అలవాటు మన సంఘాల్లో చాలావాటికి లేదు. ఆ అలవాటు రావాలి. దాన్ని అనుమానంగా ఎంచనక్కరలేదు. పరిచర్యలో అదీ ఒక భాగమే.

ఇది కొత్త మాటేమీ కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథం ఆరవ అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును గద్దించలేదు. ప్రార్థన చేసుకొమ్మని చెప్పి పంపించివేయనూ లేదు. సంఘమంతటినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం గమనించదగ్గది. ఎవరి విధవరాండ్రకు అన్యాయం జరిగిందో వారి పక్షం వారికే పర్యవేక్షణ అప్పగించారని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. దిక్కులేని ముసలివాళ్లకు పెట్టే అన్నం సరిగా అందుతోందా అన్న ప్రశ్నతోనే సంఘంలో ఆ ఏడుగురి ఏర్పాటు మొదలైంది.

పెద్దవాళ్లు పెరుగుతున్నారు, ఇళ్లు ఖాళీ అవుతున్నాయి

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2022 నాటికి సుమారు 14.9 కోట్ల మంది. అంటే జనాభాలో 10.5 శాతం. 2050కి ఈ వాటా 20 శాతం దాటుతుందని ఆ నివేదిక అంచనా. ఐదుగురిలో ఒకరు వృద్ధులన్నమాట. మన రాష్ట్రంలో ఒక స్త్రీకి కలిగే పిల్లల సంఖ్య సగటున 1.7 మాత్రమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న పాత నిబంధనను 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ రద్దు చేసింది. జననాలు తగ్గి వృద్ధుల వాటా పెరుగుతోందన్న దిగులే దాని వెనక ఉంది.

మన ఊళ్లలో ఈ లెక్క కళ్లెదుటే కనిపిస్తుంది. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో, బట్టల కొట్లలో పనిచేసి పిల్లలను చదివించుకున్నవారి కొడుకులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు. పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లో కూలికి పోయినవారి పిల్లలు బతుకుతెరువుకు పట్నం చేరారు. కడప జిల్లా నుంచి కువైటు వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న ఆడబిడ్డలు ఎందరో. అక్కడ పరాయివాళ్ల ముసలితల్లికి స్నానం చేయించి, మందులు వేసి, అన్నం తినిపించే బిడ్డకు, ఇక్కడ తన సొంత తల్లిని ఎవరు చూస్తున్నారో ఫోనులో అడగడమే మిగులుతోంది.

కాబట్టి తల్లిదండ్రులను ఆశ్రమంలో ఉంచిన ప్రతి బిడ్డనూ కఠినుడని ముద్ర వేయడం తగదు. దేవుని పేరు చెప్పి తల్లిదండ్రుల బాధ్యత తప్పించుకునేవారిని ప్రభువు కొర్బాను మాట ఎత్తి ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. ఆ మందలింపు నేటికీ నిలుస్తుంది. కానీ ఇంట్లోనే ఉంచుకుని వసారాలో మంచం వేసి, పూటకింత పడేసి, పలకరించకుండా వదిలేసిన ఇళ్లూ ఉన్నాయి. చోటు ఏదైనా, అక్కడ ఆ పెద్దమనిషికి అందుతున్న సంరక్షణ ఏపాటిదన్నదే అడగాల్సిన సంగతి.

ఆశ్రమమంటే అన్నీ ఒకటి కావు

హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లో అసిస్టెడ్ లివింగ్ పేరుతో డబ్బు కట్టి ఉండే కేంద్రాలు వచ్చాయి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, మందులు వేళకు ఇవ్వడం, నడిపించడం వంటి రోజువారీ పనుల్లో తోడుండే మనుషులు అక్కడ ఉంటారు. మన వైపు వృద్ధాశ్రమం అంటే ఎక్కువగా దాతల సాయంతో నడిచే చోటు. తలదాచుకోను నీడ, మూడు పూటలా అన్నం, ఒక మంచం.

పెద్దవాళ్ల అవసరాలు మాత్రం ఒక్క తీరుగా ఉండవు. కొందరికి తమ పనులు తామే చేసుకునే శక్తి ఉంటుంది. వారికి నీడ, తిండి, తోడు చాలు. కొందరికి స్నానానికి, మరుగుదొడ్డికి, నడకకు చేయూత కావాలి. మంచం పట్టినవారికి నర్సు చేసే పని తెలిసిన మనిషి కావాలి. మతిమరుపు జబ్బు వచ్చి తన బిడ్డనే గుర్తుపట్టని వారికి ఓపికతోపాటు ఆ జబ్బు గురించి తెలిసినవారు కావాలి. చాలా ఆశ్రమాలు మొదటి రకం వారికోసమే మొదలవుతాయి. నడుస్తూ చేరిన అవ్వ నాలుగేళ్లకు మంచం పడుతుంది. అప్పుడు ఆశ్రమం వారు ఇంటికి ఫోను చేసి తీసుకుపొమ్మంటారు, లేదా తమకు చేతకాని పనిని నెత్తిన వేసుకుంటారు. చెడ్డ సంరక్షణ చాలాసార్లు చెడ్డ మనుషుల వల్ల కాక, ఈ దశలో మనుషులు చాలకపోవడం వల్ల మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మంచం మీదున్నవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని నర్సింగ్ విద్యలో నేర్పుతారు. అంటే రోజుకు 12 సార్లు. నలుగురు మంచం మీద ఉంటే 48 సార్లు. తిప్పి, తడి చూసి, గుడ్డ సర్ది, గుక్కెడు నీళ్లు తాగించడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు అనుకున్నా 480 నిమిషాలు. అంటే ఎనిమిది గంటలు. కేవలం ఈ ఒక్క పనికే ఒక మనిషి పూర్తి రోజు కూలి పని. ఇక వంట, ఉతుకు, స్నానాలు, ఆసుపత్రికి తీసుకెళ్లడం వేరే. పాతికమంది పెద్దవాళ్లకు ఒక వంటామె, ఒక సహాయకుడు ఉన్న చోట ఈ పని సరిగా జరగదు. వారు ఎంత భక్తిపరులైనా జరగదు.

చూసేవారు లేకపోతే ఏమవుతుంది

2020 జనవరిలో హైదరాబాదు శివారు నాగారంలో అనుమతి లేకుండా నడుస్తున్న ఒక ఆశ్రమం నుంచి పోలీసులు 70 మందికి పైగా బయటికి తెచ్చారు. ఇరుకు గదుల్లో కుక్కి, కట్టేసి, కొట్టి ఉంచారన్న ఫిర్యాదులు అప్పుడు వెలుగులోకి వచ్చాయి. 2025 జూన్‌లో ఢిల్లీ పక్కనున్న నోయిడాలో ఒక వృద్ధాశ్రమంలో కట్టేసి, గదుల్లో పెట్టి తాళం వేసిన పెద్దవాళ్లను అధికారులు విడిపించారు. డబ్బు కట్టి చేర్పించిన కుటుంబాలవారూ వారిలో ఉన్నారు. బీదలకే ఇలా జరుగుతుందని అనుకోవడానికి లేదు.

మరొకటి మనకు ఇంకా దగ్గరిది. 2018 ఫిబ్రవరిలో తమిళనాడులోని కాంచీపురం జిల్లా పాలేశ్వరంలో క్రైస్తవులు నడిపే ఒక ఆశ్రమానికి చెందిన బండిలో ఒక శవం, బతికున్న వృద్ధులు, కూరగాయల మూటలు ఒకేచోట కనిపించడంతో గొడవ రేగింది. అధికారులు తనిఖీ చేసి అక్కడున్న వందల మందిని వేరే చోట్లకు తరలించారు. ఆ ఆశ్రమంపై వచ్చిన ఆరోపణలన్నీ నిజమని మేము అనడం లేదు. మరణపు అంచున ఉన్నవారిని చేరదీసే పరిచర్య అది అని నిర్వాహకులు చెప్పుకున్నారు. కానీ ఎవరు చేరారు, ఎవరు ఎప్పుడు, ఏ జబ్బుతో మరణించారు అన్న లెక్కలు తెరిచి ఉంటే, బయటివారు వచ్చిపోతూ ఉంటే, నింద వచ్చిన రోజున ఆ లెక్కలే పరిచర్య తరఫున మాట్లాడతాయి. తెరిచి ఉంచిన పుస్తకం పెద్దవాళ్లను కాపాడుతుంది. నిజాయితీగా సేవచేసేవారినీ కాపాడుతుంది.

మన మూడు ఊళ్లలోని ఏ ఆశ్రమం మీదా వేలు చూపడానికి ఈ సంగతులు రాయడం లేదు. చూసేవారు లేని చోట ఏదైనా జరగవచ్చని, మంచి పేరు, మంచి ఉద్దేశం దానికి అడ్డుకట్ట కావని చెప్పడానికే.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఈ చట్టం ప్రకారం 60 ఏళ్లు నిండినవారు వయోవృద్ధులు. ఒకటవ తిమోతి పత్రిక అయిదవ అధ్యాయంలో విధవరాండ్ర జాబితాలో చేర్చడానికి పౌలు చెప్పిన వయస్సూ అదే. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. బిడ్డలు లేనివారు తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువు నుంచి కోరవచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్ ముందు అర్జీ పెట్టుకోవాలి. జమ్మలమడుగులో, పులివెందులలో ఆర్డీవో కార్యాలయాలు ఉన్నాయి. అక్కడ వాదనకు లాయరు ఉండకూడదని చట్టమే చెబుతోంది. పెద్దమనిషికి చేతకాకపోతే వారు అధికారం ఇచ్చిన వ్యక్తి గాని సంస్థ గాని అర్జీ పెట్టవచ్చు. అంటే సంఘం కూడా తోడు నిలవవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. చూసుకోవాల్సినవారే పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆశ్రమాల విషయానికి వస్తే చట్టం పలచబడుతుంది. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకొకటైనా, కనీసం 150 మందికి సరిపడా ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చని 19వ సెక్షన్ అంటుంది. చేయవచ్చు అంది గాని, చేసి తీరాలి అనలేదు. ప్రైవేటు ఆశ్రమాలను నమోదు చేసి, వాటికి కనీస ప్రమాణాలు పెట్టాలన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. అది చట్టం కాలేదు.

ఇంగ్లండులో ప్రతి వృద్ధుల కేంద్రాన్నీ ఒక ప్రభుత్వ సంస్థ తనిఖీ చేసి, మేలైనది, మంచిది, మెరుగుపడాల్సినది, పనికిరానిది అని నాలుగు మెట్లలో తేల్చి అందరికీ తెలియజేస్తుంది. అమెరికాలో ప్రభుత్వ బీమా డబ్బు తీసుకునే నర్సింగ్ హోములకు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తారు. తనిఖీలో ఏం తేలింది, సిబ్బంది ఎంతమంది, మంచం పుండ్లు వంటివి ఎందరికి ఉన్నాయి అన్నవి అందులో లెక్కకు వస్తాయి. అంత కట్టుదిట్టం ఉన్నా ఆ దేశాల్లోనూ కోవిడ్ కాలంలో వృద్ధుల కేంద్రాలు ఎంతమందిని పోగొట్టుకున్నాయో లోకమంతా చూసింది. అటువంటి కొలతేదీ లేని మన దగ్గర, చేర్పించే కుటుంబానికి దారి చూపడానికి నోటిమాట ఒక్కటే ఉంది. ఆ నోటిమాట ఎక్కువగా సంఘం నోటినుంచే వస్తుంది. అందుకే సంఘం బాధ్యత పెద్దది.

వెళ్లినప్పుడు ఏం చూడాలి

చెప్పకుండా వెళ్లండి. వీలైతే చీకటిపడ్డాక వెళ్లండి. రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు, పిలిస్తే వినిపించే దూరంలో ఉన్నారా అని అడగండి. పగటి సంరక్షణను రాత్రి సంరక్షణతో కలిపి లెక్కించకూడదు. పడిపోవడాలు, ఊపిరాడకపోవడాలు, భయాలు రాత్రి వేళలోనే ఎక్కువ కష్టపెడతాయి.

మంచం పట్టినవారి ఒంటిని చూడాలి. వారి అనుమతితో, సంఘంలోని నర్సు ఒకరు వీపు, తుంటి, మడమలు చూస్తే చాలు. పుండు ఉంటే అది ఎప్పటినుంచి ఉంది, ఏం చేస్తున్నారు అని అడగాలి. చెప్పినదానికన్నా ఆ చర్మం ఎక్కువ చెబుతుంది.

నేల చూడండి. మన వైపు ఇళ్లన్నిటికీ నాపరాయే. పాలిష్ పట్టిన కడప బండ తడిస్తే జారుతుంది. స్నానాల గదిలో పట్టుకోను గోడకు కడ్డీ ఉందా, గరుకు చాప ఉందా, రాత్రి దీపం ఉందా? తుంటి ఎముక విరిగిన అవ్వ మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో మన ఇళ్లలో చూసినదే. ఆ కడ్డీకి అయ్యే ఖర్చు కొన్ని వందలు.

నీళ్లు, గాలి చూడండి. మే నెలలో కడప ఎండ పడుచువాళ్లనే పడగొడుతుంది. ముసలితనంలో దాహం తెలియదు. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లు ఎందరో. చేతికందే దూరంలో నీళ్ల చెంబు ఉందా, ఎవరైనా తాగమని గుర్తుచేస్తున్నారా అని చూడాలి.

అన్నం వేళ దగ్గర కూర్చోండి. పళ్లు లేని తాతకు మెత్తగా పెడుతున్నారా? షుగరు ఉన్నవారికి, లేనివారికి ఒకటే పెడుతున్నారా? జన్మంతా సంగటి తిన్న జేజికి వారంలో ఒక్కసారైనా సంగటి దొరుకుతుందా? ఇది చిన్న కోరికలా అనిపిస్తుంది. తన ఇష్టాన్ని అడిగేవారు ఇంకా ఉన్నారని తెలిస్తే మనిషి మరికొంత కాలం తింటుంది, మాట్లాడుతుంది.

పుస్తకం అడగండి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు మొదలుపెట్టి, డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుతో నిలిచిన ఆసుపత్రి మన ప్రాంత క్రైస్తవులకు తెలియనిది కాదు. ఆసుపత్రిలో మంచానికొక కాగితం ఉంటుంది. ఆశ్రమంలో ప్రతి పెద్దమనిషికీ ఒక కాగితం ఉంటే చాలు. పేరు, ఊరు, బంధువుల ఫోను, ఉన్న జబ్బులు, వేసే మందులు, ఎప్పుడు పడిపోయారు, ఎప్పుడు డాక్టరు చూశాడు. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందే ఏర్పాటు ఉంది. ఆ కార్డు చేయించారా అని అడగండి.

డబ్బు సంగతి అడగండి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. రోజుకు లెక్కేస్తే సుమారు 133 రూపాయలు. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి అర్హత ఉంటే 15,000 ఉంది. అర్హులైన ఎందరికి దాన్ని ఇప్పించారు? పింఛను ఆశ్రమం ఖర్చుకు తీసుకుంటే ఆ మాట కాగితం మీద ఉందా? అవ్వ చేతి ఖర్చుకు ఎంతోకొంత మిగులుతోందా? ఇల్లు, పొలం ఎవరి పేరనైనా రాయించారా? పిల్లల పేరనైనా, ఆశ్రమం పేరనైనా ఆస్తి రాసేవారు తమను చివరిదాకా చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించుకోవాలి. షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేసే వీలు 2007 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. అలా రద్దయినప్పుడు ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

తలుపు చూడండి. పెద్దవాళ్లు కావాలన్నప్పుడు బయట కూర్చోవచ్చా? ఫోను చేసుకోవచ్చా? వచ్చినవారితో ఒంటరిగా మాట్లాడవచ్చా? నిర్వాహకులు పక్కన నిలబడి ఉండగా బాగున్నారా అని అడిగితే ఏ అవ్వయినా బాగున్నానే అంటుంది. అక్కడ హిందువులు, ముస్లింలు కూడా ఉంటే, ప్రార్థనకు కూర్చుంటేనే అన్నం అన్న ఒత్తిడి ఉందా అని కూడా అడగాలి. ఆకలిని అడ్డంపెట్టుకుని చేసే సువార్త సువార్త కాదు.

ఆశ్రమం వారి మాట కూడా వినాలి

ఇదంతా చదివి, ఆశ్రమం నడిపేవారికి మనసు నొచ్చుకోవచ్చు. నెల గడవడానికి దాతల చుట్టూ తిరుగుతున్నాం, బస్టాండులో పడి ఉన్నవారిని తెచ్చుకుని కడిగి బట్టలు కట్టాం, ఇప్పుడు మీరు వచ్చి కడ్డీలు, కాగితాలు అడుగుతారా, ఇలా అయితే మూసేసుకుంటాం అనవచ్చు. ఈ మాటలో న్యాయం ఉంది. నగరంలో వేలకువేలు తీసుకునే కేంద్రానికి పెట్టే కొలతను, బియ్యం మూట కోసం ఎదురుచూసే ఆశ్రమానికి పెట్టి మూయిస్తే, అందులోని పాతికమంది మళ్లీ బస్టాండు బెంచీల మీదికే చేరతారు.

అందుకని చూసేవాటిని రెండుగా విడదీయాలి. కట్టేయకపోవడం, కొట్టకపోవడం, తాళం వేయకపోవడం, పింఛను దాచుకోకపోవడం, తడి గుడ్డల్లో వదిలేయకపోవడం, జబ్బు చేస్తే ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో దగ్గరున్న మరో ఆసుపత్రికో తీసుకెళ్లడం. వీటిలో బేరం లేదు. బీదరికం వీటికి సాకు కాదు. రాత్రి మనిషి, గోడ కడ్డీలు, గాలిపరుపు, చక్రాల కుర్చీ, నెలకోసారి డాక్టరు వంటివి డబ్బుతో వచ్చేవి. అవి లేవని తప్పుపట్టే సంఘం, వాటికి కానుక పట్టాలి కూడా. నలభైవ దుప్పటికి బదులు రాత్రి కాపలా ఉండే మనిషి జీతంలో సగం మేం ఇస్తామని ఒక సంఘం ముందుకు వస్తే, అక్కడి పెద్దవాళ్లు హాయిగా నిద్రపోతారు. అడిగే హక్కు ఇచ్చే చేతితోపాటే వస్తుంది.

ఇచ్చే చేయి ఉంది గదా అని పెత్తనం చేయడమూ తగదు. పెద్దవాళ్ల ఫొటోలు తీసి, వారి దీనస్థితిని ప్రచారం చేసుకోవడం మానాలి. వారి అనుమతి అడగాలి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకోవాలి.

మూడు ఊళ్ల సంఘాలు చేయగలిగింది

మేము కోరేది పెద్ద సంస్థ కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో సిఎస్ఐ, కథోలిక, బాప్తిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఏవైనా కలిసి ఊరికొక చిన్న జట్టును ఏర్పాటు చేయవచ్చు. అందులో ఒక నర్సు, లెక్కలు తెలిసిన ఒక రిటైరైన ఉద్యోగి, ఇద్దరు స్త్రీలు, 60 దాటిన ఒకరు, క్రైస్తవేతరుడైన ఒక పొరుగువాడు ఉండాలి. ఆశ్రమంలో ఉన్నవారి బంధువు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. యెరూషలేము సంఘం ఎన్నుకున్న ఆ ఏడుగురి పేర్లు చెప్పే పాఠం అదే. ఆశ్రమం నడిపే కుటుంబంవారు అందులో ఉండకూడదు. నెలకొకసారి, చెప్పకుండా వెళ్లాలి. ఒక పేజీలో రాయాలి. ఆ పేజీని ముందు ఆశ్రమం వారికే చూపి, వారి జవాబు కూడా దాని కిందే రాయించాలి. చేర్పించాలనుకునే కుటుంబం అడిగితే సంఘం ఆ పేజీ చూపాలి.

తప్పు కనిపిస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా తెలిసి ఉండాలి. వయోవృద్ధుల కోసం 14567 అనే ఉచిత సహాయ నంబరు ఉంది. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారులు ఉన్నారు. కొట్టడం, కట్టేయడం వంటివి కనిపిస్తే సంఘం లోపలే సర్దుకుందామని ఆగకూడదు. పోలీసులకు చెప్పాలి. పరిచర్య పేరు చెడుతుందని దాచిపెడితే, ఆ పేరుకోసం ఒక అవ్వను బలిచ్చినట్టవుతుంది.

మరో పని ఉంది. కువైటులోనో బెంగళూరులోనో ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకుని తిరిగివచ్చిన స్త్రీలు మన సంఘాల్లో ఉన్నారు. ఎత్తి కూర్చోబెట్టడం, మంచంలోనే స్నానం చేయించడం, గొంతుకు అడ్డం పడకుండా తినిపించడం వారికి చేతిలో పని. ఒక నర్సు సాయంతో వారు నెలకో ఆదివారం సాయంత్రం మిగతావారికి నేర్పితే, ఆశ్రమాలకు పనివాళ్లు తయారవుతారు. ఇంట్లో తల్లిని చూసుకుంటూ అలసిపోయిన కోడళ్లకు, కూతుళ్లకు వారంలో రెండు గంటలు తెరిపి దొరుకుతుంది. కొందరు పెద్దవాళ్లకు ఆశ్రమం అవసరమే పడకపోవచ్చు.

వచ్చే వారం మీ సంఘం నుంచి ఏ ఆశ్రమానికైనా బియ్యమో బట్టలో వెళుతుంటే, తీసుకెళ్లేవారి చేతికి ఈ మూడు ప్రశ్నలు రాసి ఇవ్వండి. రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు? మంచం మీద ఎంతమంది ఉన్నారు, వారిని ఎవరు తిప్పుతున్నారు? పింఛను ఎవరి చేతికి వెళుతోంది? వచ్చిన జవాబులను ఆరాధన తర్వాత సంఘ పెద్దల ముందు చదవండి. బియ్యం లెక్క రాసే పుస్తకంలోనే వాటికీ ఒక పేజీ కేటాయించండి.